కంఠమునకు అక్షరాభ్యాసము

అక్షరమనగా క్షరము కానిది, నశింపనిది. వ్రాతయే అక్షరమని నేడు మనమనుకొందుము గాని, మన పూర్వులు మొదట ఈ పేరు పెట్టినది లిపికి కాదు, ధ్వనికి. నోట పుట్టి గాలిలో కలసిపోవుదానిని నశింపనిదని పిలుచుటకు ఎంత ధైర్యము కావలెను! ఆ ధైర్యము వారికి ఊరక రాలేదు. పదపాఠము, క్రమపాఠము, జటాపాఠము, ఘనపాఠము అని ఒకే మంత్రమును ముందునకును వెనుకకును త్రిప్పి వల్లించి, ఒక్క స్వరమైనను జారకుండ తరతరములుగా కాపాడుకొనిరి. ఇది మానవులు చేసిన మహాకార్యములలో నొకటి యనుటకు సందేహము లేదు. కాని ఆ కాపుదల ఎవరి కంఠమునకు దొరకెను? నాట్లు వేయుచు పాడిన కూలిపడుచు పాటకు జటాపాఠము లేదు. తిరుగలి త్రిప్పుచు పాడిన వితంతువు పాటకు ఘనపాఠము లేదు. వారి ధ్వని క్షరమే.

ఈ భేదమును గూర్చియే నేనీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. అయితే నేను చెప్పబోవునది వేదపాఠశాలల ముచ్చట కాదు. పాతిక ముప్పది యేండ్ల క్రిందట మన యిండ్లలోనికి వచ్చిన చిన్న కంప్యూటర్ల ముచ్చట.

ధ్వనిని పట్టి నిలుపు విద్య కంప్యూటరుతో పుట్టినది కాదు. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టెను. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానమును పట్టుకొనిరి. కాని ఆ విద్య కంపెనీవారి చేతిలోనిది. ఎవరి పాట అమ్ముడుపోవునో వారి పాటయే పళ్లెమునకెక్కెను. 1963లో ఫిలిప్స్ వారి కాసెట్టు వచ్చినపిదప ఆ యధికారము క్రమముగా గృహస్థుల చేతికి వచ్చెను. అది గొప్ప మేలే. అయినను కాసెట్టునకొక లోపము కలదు. ప్రతికి ప్రతి తీసినకొలది గుసగుస పెరిగి గొంతు తరుగును. నాలుగవ ప్రతిలో పాట కంటె హోరు ఎక్కువ.

కంప్యూటరు చేసిన పని వేరు. అది ధ్వనిని అంకెలుగ మార్చెను. బియ్యపు బస్తాలోనుండి గుప్పెడు తీసి మచ్చు చూచినట్లు, అది మైకునుండి వచ్చు కంపనమును సెకనుకు వేలకొలది మారులు మచ్చు చూచి, ప్రతి మచ్చు ఎత్తును ఒక అంకెగ వ్రాసికొనును. 8 బిట్ల యంత్రమైనచో ఆ యెత్తును కొలుచుటకు 256 మెట్లు. 16 బిట్లదైనచో 65,536 మెట్లు. ఆ అంకెలను అదే వేగముతో తిరుగ చదివినచో పాట మరల పుట్టును. అంకెకు ప్రతి తీసినచో అరుగుదల లేదు. నూరవ ప్రతిలోను 137 అనునది 137గానే యుండును. కావున మనుష్యకంఠము ఇప్పుడు పుస్తకమువలె వ్రాసికొనదగినదయ్యెను. అక్షరాభ్యాసమని దీనినే నేననుచున్నాను.

ఈ విద్య ఇంటి కంప్యూటరులో ఒక్కసారిగ కుదురుకొనలేదు. 1981లో వచ్చిన ఐబియం యంత్రములోని చిన్న స్పీకరునకు తెలిసినది రెండే స్థితులు: తెరచుట, మూయుట. దానిచే కీచుమనిపింపవచ్చునే గాని పాడింపజాలరు. నేర్పరులు కొందరు ఆ రెండు స్థితులనే మిక్కిలి వేగముగ మార్చి, దానిచే మాటవంటిదానిని పలికించిరి. అది మూగవానిచే పలికించినట్లే యుండెను. 1985లో వచ్చిన అమీగా మాత్రము నాలుగు గొంతులతో 8 బిట్ల ధ్వనిని పలికెను. 1987లో కెనడాదేశపు క్యూబెకు నగరమునుండి వచ్చిన ఆడ్‌లిబ్ కార్డు సంగీతస్వరములను తానే కల్పించి మ్రోయించెను గాని, మనుష్యుని గొంతును వినుటకు దానికి చెవి లేదు. ఆ చెవి 1989లో సింగపూరునందలి క్రియేటివ్ సంస్థవారి సౌండ్ బ్లాస్టరు కార్డుతో సామాన్యులకు దొరకెను. దాని వెనుక స్పీకరునకొక రంధ్రమును, మైకునకొక రంధ్రమును ఉండెను. ఒకటి బయటికి ద్వారము, ఒకటి లోపలికి ద్వారము.

ఇక్కడ చదువరులు ఒక చిన్న విషయమును గమనింపవలెను. ఆ తొలి కార్డు వినిపించునపుడు సెకనుకు సుమారు 23,000 మచ్చుల దాక నడచును. వినునపుడు ఇంచుమించు అందులో సగమే. చెప్పుటకున్న ఓపిక వినుటకు లేదన్నమాట! ఇది మన సంసారములలో కొందరు యజమానుల స్వభావమును జ్ఞప్తికి తెచ్చిన నా తప్పు కాదు.

కార్డు సగము చెవియైనను ఇచ్చెను; మనము దానిని కూడ మూసియుంచితిమి. 1998లో మా మేనమామగారు గోదావరి యొడ్డున నున్న తమ యింటికి కంప్యూటరు తెచ్చిరి. అప్పటికి సౌండు కార్డులు 16 బిట్లవై, సీడీతో సమానముగ పాడగలిగియుండెను. సాయంకాలమైనచో ఇరుగుపొరుగువారు వచ్చి కూర్చుండి సినిమాపాటలు వినెడివారు. కార్డుతోపాటు వచ్చిన మైకు మాత్రము కాగితపు పొట్లములో నిద్రించుచుండెను. నేనెరిగిన ఇండ్లన్నిటను అదే స్థితి. వినుట యందరకును కావలెను. వినదగినది మన యింటిలో కూడ ఉండవచ్చునని ఎవరికిని తోచలేదు.

మా యమ్మమ్మకు చదువు రాదు. అప్పగింతల పాట ఆమె పాడినచో పెండ్లిపందిరిలో కంట తడిపెట్టనివారు లేరు. సెలవులలో నేనా మైకును పొట్లమునుండి తీసి ఆమె యెదుట పెట్టితిని. అప్పుడు మా యింటికి చుట్టపుచూపుగ వచ్చియున్న పెద్దలొకరు, సంస్కృతము చదువుకొన్నవారే, నవ్వి యిట్లనిరి: "ఆడవాళ్ళ కూనిరాగాలకు ఇంత యంత్రమెందుకురా అబ్బాయీ? నేను నాలుగు శ్లోకాలు చదువుతాను, అవి పట్టు. పదిమందికి పనికొస్తాయి."

వారి శ్లోకములను పట్టితిని. అమ్మమ్మ పాటను పట్టితిని. సెకనుకు 11,025 మచ్చుల చొప్పున, 8 బిట్లతో, వారి శ్లోకము నిమిషమునకు 6,61,500 బైట్లు తీసికొనెను. అమ్మమ్మ పాటయు నిమిషమునకు 6,61,500 బైట్లే తీసికొనెను. ఒక్క బైటు ఎక్కువ లేదు, తక్కువ లేదు. యంత్రము గోత్రప్రవరలు అడుగలేదు. పాడువారు స్త్రీలా పురుషులా, చదివినవారా చదువనివారా యని విచారింపలేదు. మన సభలలో నేను చూడని సమత్వమును ఆ పెట్టెలో చూచితిని.

విండోసుతో వచ్చిన సౌండ్ రికార్డరు ఒకమారు మీట నొక్కినచో 60 సెకనులు మాత్రమే వినెడిది. అందుచే అమ్మమ్మ నిమిషమునకొక చరణముగ ఆరు చరణములు పాడినది. కార్డుతో వచ్చిన మరియొక సాధనములో ధ్వని తరంగము తెరపై గీతగ కనబడును. ఆమె కొంతసేపు దానిని చూచి వ్రేలు పెట్టి, "ఇదిగో ఈ సన్నంగా ఉన్న చోట నేను ఊపిరి పీల్చుకున్నాను. ఈ గుబురు దగ్గర పైకి ఎత్తుకున్నాను. ఇదేమో దగ్గు, అది తీసెయ్యి" అనినది. ఆమె చూపిన చోటనే దగ్గు ఉండెను, తీసివేసితిని. జన్మలో ఒక్క అక్షరమైనను గుర్తింపనేరని మనిషి, తన గొంతు వ్రాతను తాను చదివి, తప్పు దిద్దించెను. చదువు రాదను మాటను మనమెంత తొందరపడి వాడుచుందుమో నాకప్పుడు తెలిసినది. ఫైలునకు ఏమి పేరు పెట్టవలెనని యడుగగా ఆమె సందేహించి, "నా పేరు పెట్టకూడదా?" యనినది. ఆమె పేరే పెట్టితిని. ఊరిలో ఆమెను ఫలానావారి భార్యయనియు, ఫలానావారి తల్లియనియు పిలుచుటయే గాని, ఆ పేరు పలుకగా నేను వినియుండలేదు.

ఇక పొదుపు మాట. సీడీ పద్ధతిలో సెకనుకు 44,100 మచ్చులు, ఒక్కొక్కటి 16 బిట్లు, రెండు వరుసలు. అనగా సెకనుకు 1,76,400 బైట్లు. ఆనాటి ఫ్లాపీలో పట్టునది 14,74,560 బైట్లు. ఆ లెక్కను ఒక ఫ్లాపీకి ఎనిమిది సెకనుల పాట! పాటను మరియొక యింటికి పంపవలెనన్న మార్గము ఫ్లాపీయే. కావున తక్కువ మచ్చులతో పట్టి, ఫ్లాపీకి రెండు చరణముల చొప్పున మూడింటిలో సర్దితిని.

ఈ పొదుపున నష్టపోవునదేమి? ఒక కంపనమును పట్టవలెనన్న దాని వేగమునకు రెండింతలకు మించి మచ్చులు తీయవలెనని శాస్త్రము. 1928లో నైక్విస్టు వ్రాసిన వ్రాతలోను, 1949లో షానన్ వ్రాసిన వ్రాతలోను దీనికి మూలము కలదు. 11,025 మచ్చులతో పట్టినచో సెకనుకు 5,500 కంపనములకు పైబడినది నిలువదు. అచ్చుల కది చాలును. మన శిక్షాశాస్త్రమున ఊష్మములని చెప్పబడిన శ, ష, స లకు చాలదు. సకారపు బుసలో చాల భాగము ఆ హద్దునకు పైననే యుండును. హద్దు లోపల మిగిలినది 256 మెట్ల కొలత తెచ్చు హోరులో మాసిపోవును.

అమ్మమ్మ పాటలో అయిదవ చరణము కలదు. అది నేను చూచిన అచ్చుపుస్తకములలో వేనియందును లేదు. మా యమ్మ పెండ్లినాడు అమ్మమ్మ తానే కట్టి చేర్చినదట. అత్తవారింటివారిని ఉద్దేశించి, మా పిల్లకు చదువుట యిష్టము, పనిపాటలకు వెనుదీయదు, దాని చేతిలోని పుస్తకమును మాత్రము లాగివేయకుడు అని వేడుకొనుట ఆ చరణపు భావము. పుస్తకమను మాటను ఆమె స్పష్టముగ సకారముతో పలికెడిది. ఫైలులో వినుడు: సకారము మాసి "పుత్తకం" అనినట్లుండును. రేపటి శ్రోత, పాపము చదువురాని ముసలిది, మాట తిరుగలేదనుకొనును. తిరుగనిది ఆమె నాలుక కాదు. ఆనాటి ఫ్లాపీ యిరుకు. ఎవరి మాటయైనను పాతప్రతిలో అపభ్రంశముగ తోచినచో, పలికినవారిని నిందింపకముందు పట్టిన పాత్రను పరీక్షింపవలెనని నేను నా విద్యార్థులకు చెప్పుట అప్పటినుండియే.

అమ్మమ్మ 2006లో గతించినది. అంతకు రెండేండ్ల ముందే మూడు ఫ్లాపీలలో ఒకటి బూజుపట్టి చదువుటకు లొంగలేదు. దానిలోనే అయిదవ చరణముండెను. అయినను పాట పోలేదు. ఏలయనగా మా చెల్లెలు 2001లోనే అన్నింటిని సీడీకి ఎక్కించి తనవద్ద నుంచుకొన్నది. రెండేండ్ల క్రిందట మా బంధువుల యింట పెండ్లిలో అప్పగింతల పాట యెత్తుకొన్నారు. నాలుగు చరణములైన పిదప ఎవరికిని రాక ఆగిపోయిరి. మా చెల్లెలు తన ఫోనునుండి అయిదవ చరణమును వినిపించెను. పెండ్లికూతురు తలయెత్తి వినినది. వరుని తల్లి కూడ వినినది. ఆ మాట వినవలసిన చెవిని చేరినది.

అంకె అరుగదని పైన వ్రాసితిని. కాని అంకెను మోయు ఫ్లాపీ అరుగును, తాటియాకు అరిగినట్లే. మన కావ్యములు నేటికి మిగులుటకు కారణము తాటియాకుల బలము కాదు. తరమునకొకమారు కూర్చుండి మరల వ్రాసినవారి యోపిక. బ్రౌనుదొర కడపలో పండితులకు జీతములిచ్చి ప్రతులు సరిచూపించి తిరుగ వ్రాయించెను; వేమన పద్యములను 1829లో అచ్చొత్తించెను. మన యిండ్ల అటుకలమీద ఇప్పుడు కాసెట్లును, ఫ్లాపీలును, గీతలు పడిన సీడీలును కలవు. వానిని చదువు యంత్రములు ఏటేట తగ్గిపోవుచున్నవి. అందులో ఎవరి గొంతున్నదో తెలిసినవారును తగ్గిపోవుచున్నారు.

నేడు ప్రతివాని జేబులోని ఫోనునకును ఆ రెండు ద్వారములున్నవి. స్థలపు బాధ లేదు, సకారము మాయదు. అయినను దినమంతయు బయటివారి పాట వినుటకే మనము దానిని వాడుచున్నాము. చదువరులారా, ఈ వారములో ఒక సాయంకాలము మీ యింట పెద్దమ్మనో, అత్తగారినో, అంట్లు తోముటకు వచ్చు ముసలమ్మనో అడుగుడు. అనుమతి పొందియే పట్టుడు. ఎవరికి వినిపింపవచ్చునో, ఎవరికి కూడదో వారినే చెప్పనిండు, ఆ మాట దాటకుడు. మొదట వారి పేరును, ఊరిని, ఆ పాట ఎవరివలన నేర్చిరో దానిని వారి నోటనే పలికింపుడు. తేదీ వేయుడు. ఒక ప్రతి మీ యింట, ఒక ప్రతి వేరొక యింట నుంచుడు. అయిదేండ్లకొకమారు కొత్త పాత్రలోనికి మార్చుడు. మగపిల్లలకు ఈ పని నేర్పినంత శ్రద్ధతో ఆడపిల్లలకును నేర్పుడు. మా పాటను నిలిపినది మా చెల్లెలే.