42వ గజం గీత మీద ఆగే పరుగు

ఏప్రిల్ నెలలో ఓ శనివారం. ఇంకా ఎండ ముదరలేదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టెంపీ నగరంలో వేలమంది రోడ్డెక్కారు. పసిపిల్లల్ని తోపుడుబండ్లలో కూర్చోబెట్టుకొచ్చిన తల్లులు, మాజీ సైనికులు, కాలేజీ కుర్రాళ్లు... అందరూ ఉన్నారందులో. చాలామంది చొక్కాల మీద ఒకటే అంకె... 42. ఏటా వీళ్లంతా కలిసి 4.2 మైళ్లు, అంటే ఆరున్నర కిలోమీటర్ల పైచిలుకు పరుగెడతారు. ఆ పరుగు ముగిసేది ఓ ఫుట్‌బాల్ స్టేడియంలో. అందులోనూ సరిగ్గా 42వ గజం గీత మీద!

ఎందుకా అంకె? ఒకప్పుడు అదే అంకె వేసుకుని అదే మైదానంలో ఆడిన ప్యాట్ టిల్‌మన్ అనే కుర్రాడి కోసం. 2005లో మొదలైన ఈ పరుగుకి ‘ప్యాట్స్ రన్’ అని పేరు. టెంపీ వెళ్లినవాళ్లకి అతని పేరు వినపడకుండా ఉండదు. అతని కథ మాత్రం విగ్రహం చూసి వచ్చేస్తే తెలిసేది కాదు.

రెండు గుట్టల నడుమ...

టెంపీ ఫీనిక్స్ నగరానికి ఆనుకునే ఉంటుంది. విమానాశ్రయం దగ్గర్లోనే కావడంతో సరస్సు గట్టున నిలబడితే తల మీదుగా విమానాలు వస్తూ పోతూ కనిపిస్తాయి. 1870ల్లో చార్లెస్ హేడెన్ అనే వ్యాపారి సాల్ట్ నది ఒడ్డున పడవల రేవు, పిండిమర పెట్టాడు. వాటి చుట్టూ ఊరు పెరిగింది. ఊళ్లోని ప్రధాన వీధిని ఇప్పటికీ మిల్ అవెన్యూ అనే అంటారు. ఎగువన ఆనకట్టలొచ్చాక ఇక్కడ నది ఎండిపోయింది. ఆ ఎండిన నదిలోనే 1999లో నీళ్లు నింపి పెద్ద సరస్సు చేశారు.

వీధి చివర ఓ రాతి గుట్ట. దాని మీద ‘ఎ’ అనే ఆంగ్ల అక్షరం దూరానికి కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి గుర్తు అది. ఏటా ఆగస్టులో కొత్తగా చేరిన విద్యార్థులు గుట్టెక్కి ఆ అక్షరానికి తెల్లరంగు వేస్తారు. మన తెలుగు పిల్లలు ఎందరో చదువుకునే యూనివర్సిటీ ఇది. పిల్లల్ని చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలకు సాయంత్రం పూట ఆ గుట్ట ఎక్కడం ఓ కాలక్షేపం. పైకెక్కి చూస్తే కింద రెండు గుట్టల నడుమ ఒదిగిపోయిన స్టేడియం కనిపిస్తుంది. 1958లో కట్టిన ఆ సన్ డెవిల్ స్టేడియానికి 2023లో ఓ ఆర్థిక సంస్థ పేరు చేర్చి ‘మౌంటెన్ అమెరికా స్టేడియం’ అన్నారు. ఊరివాళ్ల నోట మాత్రం ఇంకా పాతపేరే.

కబడ్డీ తెలిస్తే చాలు!

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు కొత్తగానీ కిటుకు మాత్రం పాతదే. జట్టుకి 11 మంది. బంతి చేతబట్టిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్లనివ్వకుండా ఒడిసిపట్టి కిందపడేయడం అవతలి జట్టు పని. కూతకొచ్చినవాణ్ని గీత తాకనివ్వకుండా పట్టేయడం లాంటిదే అనుకోవచ్చు. అలా ఆపేవాళ్లలో ముందు వరసకు కాస్త వెనక నిలబడేవాడు లైన్‌బ్యాకర్. బంతి ఎటు వెళ్తుందో రెప్పపాటులో పసిగట్టి దూకాలి. చప్పట్లన్నీ పాయింట్లు తెచ్చేవాళ్లకే పోతాయి. పాయింట్లు పోకుండా కాపాడినవాడి పేరు తెలుసుకునేవాళ్లు తక్కువ.

టిల్‌మన్ ఆడింది అక్కడే. కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో పెరిగాడు. ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. మామూలు మనిషికైతే మంచి ఎత్తే, ఆ స్థానంలో ఆడేవాళ్ల పక్కన మాత్రం పొట్టివాడి కింద లెక్క. అందుకే పెద్ద కాలేజీలేవీ అతని కోసం ఎగబడలేదు. అరిజోనా స్టేట్ తన దగ్గర మిగిలిన చివరి స్కాలర్‌షిప్పు ఇచ్చింది.

అక్కడికి రాకముందే అతనో తప్పు చేశాడు. స్నేహితుణ్ని కొడుతున్నారనుకుని గొడవలోకి దూరి, ఎదుటి కుర్రాణ్ని గాయపడేలా కొట్టాడు. బాల నేరస్థుల కేంద్రంలో నెలరోజులు గడిపాడు. పేరొచ్చాక దాన్ని దాచుకోలేదు. చేసిన మంచి పనులన్నిటికన్నా ఆ ఒక్క తప్పే తనకు ఎక్కువ నేర్పిందని విలేకరులకు తనే చెప్పాడు.

దీపస్తంభం మీద కుర్రాడు

కొత్తవాణ్ని మొదటి ఏడాది ఆడించకుండా పక్కన కూర్చోబెట్టి, ఆ ఏడాదిని చివర్లో వాడుకోవడం అక్కడి కోచ్‌లకు అలవాటు. టిల్‌మన్ ఒప్పుకోలేదు. నాలుగేళ్లే ఉంటాను, తర్వాత నాకు వేరే పనులున్నాయి అని కోచ్ బ్రూస్ స్నైడర్‌తో తేల్చి చెప్పేశాడు. అన్నట్టే మూడున్నరేళ్లలోనే మార్కెటింగ్ డిగ్రీ పూర్తిచేశాడు, అదీ చాలా మంచి మార్కులతో. పొడవాటి జుట్టుతో ఊళ్లో తిరిగేవాడు. ఆలోచించుకోవాలనిపిస్తే స్టేడియం దీపస్తంభాలు ఎక్కి కూర్చునేవాడు. దాదాపు 200 అడుగుల ఎత్తున!

1996 సెప్టెంబరు 21 రాత్రి టెంపీలో ఇప్పటికీ చెప్పుకునే రాత్రి. వరసగా రెండేళ్లు జాతీయ విజేతగా నిలిచిన నెబ్రాస్కా ఆడ్డానికొచ్చింది. అప్పటికి వరసగా 26 మ్యాచ్‌లు గెలిచిన జట్టది. 70 వేల పైచిలుకు జనం ముందు దాన్ని అరిజోనా స్టేట్ 19-0తో ఓడించింది. అవతలివాళ్లకు ఒక్క పాయింటూ రానివ్వకపోవడమే కాదు, బంతి తమ జట్టు చేతిలో లేనప్పుడు కూడా డిఫెన్స్ ఆటగాళ్లు మూడుసార్లు పాయింట్లు సంపాదించిపెట్టారు. రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లు మొత్తం 11 గెలిచిన జట్టు, 1997 జనవరి 1న జరిగిన రోజ్ బౌల్ పోటీలో మాత్రం ఒహాయో స్టేట్ చేతిలో 20-17తో ఓడిపోయింది. ఆఖరి 19 సెకన్లు మిగిలి ఉండగా చేజారిన మ్యాచ్ అది! ఆ తర్వాతి సీజన్లో పశ్చిమ తీరంలోని 10 యూనివర్సిటీల లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా టిల్‌మన్ ఎంపికయ్యాడు.

కోట్లు కాదనుకుని...

1998లో ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు అతని వంతు వచ్చేసరికి 225 మంది అయిపోయారు. 226వ పేరు అతనిది. తీసుకున్న జట్టు అరిజోనా కార్డినల్స్. తమాషా ఏమిటంటే అప్పట్లో ఆ జట్టు ఆడేదీ ఈ స్టేడియంలోనే. కాలేజీలో ఆడిన గడ్డ మీదే వృత్తిలోనూ ఆడాడు. 2001లో సెయింట్ లూయిస్ రామ్స్ జట్టు ఐదేళ్లకు 90 లక్షల డాలర్లు ఇస్తామంది. అందరూ వదిలేసినప్పుడు తనను తీసుకున్నవాళ్లను విడిచి వెళ్లనన్నాడు.

ఆ ఏడాదే సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. 2002 మేలో కార్డినల్స్ ఇవ్వజూపిన 36 లక్షల డాలర్ల ఒప్పందాన్ని పక్కనపెట్టి టిల్‌మన్ సైన్యంలో చేరాడు. అప్పటికి పెళ్లయి నెల కూడా కాలేదు. బేస్‌బాల్ ఆడే తమ్ముడు కెవిన్ కూడా వెంట నడిచాడు. దేశమంతా పొగుడుతుంటే ఒక్క ఇంటర్వ్యూ ఇవ్వలేదు. మిగతా సైనికుల కన్నా తనను ఎక్కువ చేసి చూపడం అతనికి నచ్చలేదు. 2003లో ఇరాక్ వెళ్లాడు. 2004 ఏప్రిల్ 22న అఫ్గానిస్థాన్‌లోని ఖోస్త్ ప్రాంతంలో చనిపోయాడు. వయసు 27.

అమ్మ అడిగిన ప్రశ్న

శత్రువుల కాల్పుల్లో వీరమరణం అని సైన్యం ప్రకటించింది. సిల్వర్ స్టార్ పతకం ఇచ్చింది. మే 3న శాన్‌హోసేలో జరిగిన సంతాప సభను దేశం టీవీల్లో చూసింది. మే నెలాఖరులో గానీ అసలు సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. కొండలోయలో దళం రెండుగా చీలింది. వెనక వస్తున్నవాళ్ల మీద దాడి జరిగితే సాయానికి టిల్‌మన్ గట్టు మీదికెళ్లాడు. ఆ గందరగోళంలో సొంత దళంవాళ్లే అతణ్ని కాల్చేశారు. అతని పక్కనున్న అఫ్గాన్ సైనికుడూ చనిపోయాడు. టిల్‌మన్ ఒంటిమీది యూనిఫాం, రక్షణ కవచం తగలబెట్టేశారు. అదే దళంలో వెనకున్న కెవిన్‌కీ నిజం చెప్పలేదు.

తల్లి మేరీ ఊరుకోలేదు. విచారణ మీద విచారణ జరిగేలా ఏళ్ల తరబడి పోరాడింది. 2007 ఏప్రిల్‌లో ఆమె, కెవిన్ అమెరికా చట్టసభ కమిటీ ముందు కూర్చుని మాట్లాడారు. ఆ ఏడాదే ఓ రిటైర్డ్ లెఫ్టినెంట్ జనరల్‌ను సైన్యం అధికారికంగా మందలించింది. తన తప్పును తానే చెప్పుకున్న మనిషి చావు గురించి అబద్ధం చెప్పారన్నదే ఆ తల్లి బాధ. కొడుకు ఎలా పోయాడో తెలుసుకోవడం కన్నతల్లి హక్కు కదా మరి!

చూడ్డానికి వెళ్తే...

2010లో టిల్‌మన్‌కు కాలేజీ ఫుట్‌బాల్ ప్రముఖుల జాబితాలో చోటు దక్కింది. ఆటగాళ్లు స్టేడియంలోకి వచ్చే సొరంగ మార్గానికి అతని పేరే పెట్టారు. అక్కడ 2017లో కాంస్య విగ్రహం నిలిపారు. మైదానంలోకి పరుగెత్తేముందు కుర్రాళ్లు దాన్ని ఓసారి చేత్తో తాకి వెళ్తారు, గుడి గడపను తాకినట్టు. మిల్ అవెన్యూ దాకా ఫీనిక్స్ నుంచి లైట్ రైలు ఉంది. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటే ఊరు కాబట్టి అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపు వెళ్తే మేలు.

లాస్ వెగాస్ వెళ్లినవాళ్లు హూవర్ డ్యామ్ చూడకుండా రారు. డ్యామ్ ముందు కొలరాడో నదికి దాదాపు 900 అడుగుల ఎత్తున 2010లో తెరిచిన వంతెనకున్న రెండు పేర్లలో ఒకటి టిల్‌మన్‌ది. రెండోది నెవాడా మాజీ గవర్నర్ మైక్ ఓకల్లగన్‌ది. ఆ వంతెన మీద ఫొటో దిగి కూడా ఆ పేరు ఎవరిదో తెలియకుండా వచ్చేసేవాళ్లే ఎక్కువ.

ప్యాట్స్ రన్ ద్వారా వచ్చే డబ్బు మాజీ సైనికులు, వాళ్ల జీవిత భాగస్వాముల చదువులకు వెళ్తుంది. పరుగు ముగించినవాళ్లు 42వ గజం దగ్గర గడ్డి మీద కాసేపు కూర్చుంటారు. పిల్లలు ఇదెవరి అంకె అని అడుగుతారు. పెద్దలు చెప్పడం మొదలుపెడతారు. నెబ్రాస్కాతో ఆట, వదులుకున్న డబ్బు, సైన్యం... అక్కడితో ఆపేస్తే అది సగం కథే. మిగతా సగం కూడా చెప్పండనే ఆ తల్లి అన్నేళ్లు అడిగింది.