ఆ వెంకమ్మే ఈ వెంకటలక్ష్మి

ఆదివారం సాయంత్రమైందంటే మా వీధి అరుగు నిండిపోతుంది. పేరంటమనుకునేరు, కాదు. మర్నాడు సోమవారం, మండలాఫీసులో అర్జీలు పుచ్చుకునే రోజు. ఆ కార్యక్రమానికి ప్రభుత్వం మారినప్పుడల్లా ఓ బారసాల జరుగుతుంది. ఒకప్పుడు "మీ కోసం" అన్నారు. 2019లో "స్పందన" అన్నారు. ఆ తర్వాత నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి వచ్చింది. పేరేదైనా సోమవారం సోమవారమే గనక, మా గోదావరి పల్లెలో ఆడవాళ్ళు "సోమారం కాయితం" అని వూరుకున్నారు. ఆ కాయితం రాసిపెట్టేది నేను.

ఈ విద్య నాకు పుట్టింటి సొమ్ము. మా నాన్నగారు కరణం. 1984 జనవరిలో ఆ ఉద్యోగాలు రద్దయ్యేదాకా దఫ్తరం మా ఇంట్లోనే వుండేది. అర్జీలో ఎక్కడ వంగాలో, ఎక్కడ నిటారుగా నిలబడాలో ఆయన దగ్గరే చూశాను. ఆయన "ఏలినవారి దివ్యసముఖమునకు" అని మొదలెట్టేవారు. నేను "అయ్యా" అంటున్నాను. "కాయితానికి అయిదు రూపాయలు పెట్టవోయ్, కాఫీపొడి ఖర్చయినా గిడుతుంది" అని మావారి వేళాకోళం.

ఇన్నేళ్ళ నుంచీ రాస్తున్నాను గనక ఒక సంగతి గమనించాను. మగవాళ్ళ అర్జీలన్నీ గట్ల తగాదాలు, సర్వే నంబర్లు, దారి మూసేశాడనే ఫిర్యాదులు. వాటి వెనక కాగితాల కట్టలుంటాయి. ఆడవాళ్ళు వచ్చేది కుళాయి కోసం, ఇంటిముందు మురుక్కాలవ కోసం, లేదా పేరు కోసం. కుళాయి పని ఎలాగో అవుతుంది, పంచాయతీ వాళ్ళూ నీళ్ళు తాగేవాళ్ళేగా. (2011లో పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్ళకిచ్చారు. మా వూరి మొన్నటి సర్పంచి ఆడమనిషే. ఏ పనికెళ్ళినా "ఆయన్నడిగి చెప్తానండి" అనేది పాపం. ఆవిడ సంగతి ఇంకో వారం.) పేరు పని మాత్రం అంత తేలిగ్గా తెమలదు.

ఒకావిడ సంగతి చెబుతాను. అసలు పేరు రాస్తే బాగుండదు గనక వెంకమ్మ అనుకుందాం. మా వీధికి పాలు పోస్తుంది. తాతగారు పెట్టిన పేరు వెంకటలక్ష్మి. ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పుట్టింట్లో వెంకమ్మ. అత్తారింటికొచ్చేసరికి అక్కడ తోటికోడలూ వెంకమ్మే కావడంతో ఈవిడ చిన్నమ్మ అయింది. రేషన్ కార్డు రాసినాయన చిన్నమ్మ అని రాసుకుపోయాడు. ఓటర్ల జాబితాలో వెంకమ్మ. ఆధార్ తీసిన కుర్రాడు పూర్తి పేరడిగి, వెంకటలక్ష్మి అని కొట్టి, దానికి పుట్టింటి ఇంటిపేరు తగిలించాడు. మనుషులు ముగ్గురు, మొగుడు ఒక్కడు!

ఆ ఒక్కడూ 2024 సంక్రాంతి వెళ్ళిన వారానికి ఇంట్లోనే పోయాడు. ముసలాయన, వృద్ధాప్యపు పింఛను వచ్చేది. ఫిబ్రవరి ఒకటిన పింఛనిచ్చే కుర్రాడు వచ్చి, సంగతి విని, "అయ్యో" అని, ఫోనులో ఏదో నొక్కి వెళ్ళాడు. ఆ నెల నుంచే పింఛను ఆగిపోయింది. మర్నాటి ఏడు, భర్త పోతే ఆ పింఛను భార్యకిస్తున్నారని ఎవరో చెబితే వెంకమ్మ సచివాలయానికి వెళ్ళింది. నెలకు 4000 అంటే గేదె వట్టిపోయిన నెలల్లో ఇల్లు గడిచే డబ్బు. "మరణ ధ్రువీకరణ పత్రం తెచ్చావా?" అన్నారు.

చూశారా చిత్రం! పింఛను ఆపడానికి ఆయన పోయిన సంగతి సర్కారుకి పదిహేను రోజుల్లో తెలిసింది. పత్రమివ్వడానికి పదిహేను నెలలైనా తెలియలేదు.

చట్టం మాత్రం వుంది, 1969 నాటిది. ఇంట్లో మనిషి పోతే ఇంటి పెద్ద 21 రోజుల్లోగా వెళ్ళి రాయించాలి. అలా రాయిస్తే పత్రం ఉచితం. 30 రోజుల దాకా ఆలస్య రుసుము కడితే చాలు. ఆ పైన అనుమతులు కావాలి. ఏడాది దాటిందా, ఆర్డీవోగారి స్థాయి ఉత్తర్వు లేనిదే కుదరదు. ఇంటి పెద్ద చెప్పాలిట! పోయినవాడే ఇంటి పెద్దయితే? పదకొండో రోజు, పన్నెండో రోజు లెక్క మనందరికీ తెలుసు. ఇరవై ఒకటో రోజు సంగతి మన పురోహితులెవరూ చెప్పరు. పెద్దకర్మనాడు భోజనాలు వడ్డిస్తూ ఎవరో ఒకరు ఆ ఒక్క మాట అనేస్తే ఎంత బాగుండును.

కాయితం రాశాను. ఇద్దరం మండలాఫీసుకి వెళ్ళాం. పనికి వరస వుంది. మొదట, ఆయన చావు రిజిస్టరులో రాయలేదని ఒక పత్రం పుచ్చుకోవాలి. లేనిది లేదని రాసిమ్మనడానికీ అర్జీయే. సచివాలయంలో అమ్మాయి మంచిపిల్ల, "ఆంటీ, మీరు కూర్చోండి" అని కుర్చీ వేసి, రెండ్రోజుల్లో ఇచ్చింది. ఆ తర్వాత ఎమ్మార్వో ఆఫీసు విచారణ, సాక్షుల వాఙ్మూలాలు. అక్కడ గుమాస్తా కార్డులు మూడూ బల్లమీద పరిచి అడిగాడు: "ఈ ముగ్గుర్లో ఆయన భార్య ఎవరమ్మా?"

"ముగ్గురూ నేనేనండి."

"అంటే ఎలా?"

"ముప్పై అయిదేళ్ళు కాపురం చేశానండి బాబూ, నేను కాకపోతే ఇంకెవరండి?"

"కాపురం సంగతి కాదమ్మా, కాయితం సంగతి."

ఆయన్నని లాభం లేదు. రేపు ఇంకో చిన్నమ్మ వచ్చి కూర్చుంటే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. నోటరీ దగ్గరికి వెళ్ళి, చిన్నమ్మ, వెంకమ్మ, వెంకటలక్ష్మి ఒక్క మనిషేనని స్టాంపు కాయితం మీద ప్రమాణం రాయించాం. కొడుకుల పేర్లకి ఇంత యాతన రాదు. బళ్ళో వేసిన పేరే చచ్చేదాకా నడుస్తుంది. ఆడపిల్లకి పిలుపు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, ఎవరు రాసుకుంటే వారి ఇష్టం.

ఆర్డీవో ఆఫీసు దూరం. 1985లో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టాక చాలా పనులు మా గుమ్మంలోకి వచ్చాయి. అంతకుముందు ప్రతిదానికీ తాలూకా కచేరీకి పోవాల్సిందే. ఈ పని మాత్రం ఇంకా అవతలే వుండిపోయింది. రెండు బస్సులు మారాలి. ఆ 2025 ఆగస్టు 15 నుంచే ఆడవాళ్ళకి టిక్కెట్టు తీసేశారు గనక ఆ ఖర్చు తప్పింది. పొద్దుటి పాలు మాత్రం ఆ రోజు ఎవరింటికీ పోయలేదు.

లోపల ఉద్యోగిని ఒకామె దస్త్రం తిప్పి, "భర్త పేరు చెప్పమ్మా" అంది. వెంకమ్మ నావైపు చూసింది. నేను చెప్పబోయాను. "మీరు కాదండి, ఆవిడే చెప్పాలి" అంది ఆమె, మర్యాదగానే. వెంకమ్మ తల దించుకుంది. మా వైపు పాతకాలపు ఇల్లాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. గుళ్ళో అర్చన చేయించాలన్నా పక్కవాళ్ళ చేత చెప్పిస్తారు. ఇంటి కోడలికి ఆ పేరు పెట్టి వుంటే దాన్నీ మార్చి పిలుస్తారు. ఆయన పోయి ఇన్నాళ్ళయినా ఈవిడకి ఆ కట్టు వదల్లేదు.

గడియారం చప్పుడు వినబడుతోంది. వెనక వరసలో ఇంకా జనం వున్నారు. వెంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగి, చెప్పింది. ఆమెకు వినబడక "గట్టిగా చెప్పమ్మా" అంది. రెండోసారి గట్టిగానే చెప్పింది, ఇంటిపేరుతో సహా, చివర "గారు" అని చేర్చి.

తిరుగుబస్సులో మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. మా వూరి మలుపు దగ్గర మాత్రం, "వచ్చే పుట్టుకలోనైనా నాకు ఒక్క పేరే పెడితే బాగుండునమ్మగారూ" అంది.

ఉత్తర్వు నెలకి వచ్చింది. దాన్నిబట్టి పత్రమూ ఇచ్చారు. జిరాక్సులు పది తీయించమంది, తీయించాను. పింఛను అర్జీ పెట్టాం, రశీదు చేతికొచ్చింది, కాయితం ఇంకా నడుస్తోంది. ఈలోగా ఆయన పేర బ్యాంకులో పడివున్న పదకొండు వేల చిల్లర తెచ్చుకోడానికి ఒక్కతే వెళ్ళింది. నేను తోడు వస్తానన్నా వద్దంది. అక్కడ కౌంటర్లో కుర్రాడు పత్రం అటూ ఇటూ తిప్పి, "ఇందులో వెంకటలక్ష్మి అని వుంది, నువ్వేనా?" అన్నాడట.

"నేనేనండి" అని చెప్పి, డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని వచ్చేసింది.