ఒక్క ప్రయాణం, ఒక్క నగరం



పదవీ విరమణ చేసి వినగడపలో స్థిరపడిన తరువాత నన్ను చూడవచ్చేవారి ప్రశ్నలు మారాయి. పూర్వం జ్వరం గురించీ, కడుపునొప్పి గురించీ అడిగేవారు. ఇప్పుడు మా ఊరిలోనూ, గంపలగూడెం, తిరువూరు పరిసరాలలోనూ ఎన్నో ఇళ్ళ పిల్లలు అమెరికాలో ఉన్నారు. తల్లిదండ్రుల పాస్‌పోర్టు మీద వీసా ముద్ర పడగానే నా వద్దకు వచ్చి, “డాక్టరు గారూ, ఎటూ అంత దూరం పోతున్నాం. పిల్లల ఇల్లు కాక ఇంకొక్క ఊరే చూడాలంటే ఏది చూడమంటారు?” అని అడుగుతున్నారు. ఇది వైద్యునికి సంబంధించిన ప్రశ్న కాదని నేను చాలాకాలం నవ్వి ఊరుకునేవాడిని. నా వంతు వచ్చినప్పుడు గాని, అది ముందుగా వైద్యునికే సంబంధించిన ప్రశ్న అని నాకు తెలియలేదు. ఆ అనుభవాన్ని దాచకుండా మీ ముందుంచుతున్నాను.

మా అబ్బాయి డాలస్ శివారులో ఉంటాడు. మేము బయలుదేరవలసిన డిసెంబరుకు మూడు నెలల ముందే అతడొక పట్టిక పంపాడు. న్యూయార్క్, వాషింగ్టన్, నయాగరా, చికాగో, డెన్వర్, లాస్ వేగాస్, గ్రాండ్ కాన్యన్: పద్దెనిమిది రోజులలో ఏడు చోట్లు. ప్రేమతో వేసిన పట్టికే. కాని డెబ్బై ఏళ్ళ దేహానికి ప్రేమతో పాటు విశ్రాంతి కూడా కావాలి. నా సహాధ్యాయి ఒకరు అంతకు రెండేళ్ళ క్రితం ఇటువంటి యాత్రే చేసి వచ్చారు. తిరిగి వచ్చిన నాలుగవ రోజున ఆయన ఎడమ పిక్క వాచింది. మరునాటికి ఆయాసం మొదలైంది. కాలి సిరలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తికి చేరిందని తేలింది. సకాలంలో వైద్యం అందినందువల్ల బ్రతికి బయటపడ్డారు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాలలో ఈ ముప్పు సుమారు రెండింతలవుతుంది. ఆరోగ్యవంతులలో అది స్వల్పమే. వయసు పైబడినవారికీ, ఊబకాయం, కాన్సరు, ఇటీవలి శస్త్రచికిత్స ఉన్నవారికీ స్వల్పం కాదు. ఏడు ఊళ్ళంటే ఏడుసార్లు అదే కూర్చోవడం. కనుక అబ్బాయితో, “ఒక్క ఊరు చాలు నాయనా” అన్నాను. “సరే నాన్నా, నాకూ వారం రోజులే సెలవు. ఆ ఒక్కటీ ఏదో మీరే చెప్పండి” అన్నాడు.

నాకు ఆలోచించవలసిన అవసరం లేకపోయింది. వైద్య విద్యార్థిగా ఉన్ననాటి నుండి నా మనసులో ఉన్న అమెరికా నగరం ఒక్కటే. అది బోస్టన్.

ఎందుకో చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల తొలినాళ్ళలో హార్వర్డులో చదవడానికి చేరినది ఆ నగరానికే. చేతిలో డబ్బు లేక బ్రిగ్‌హమ్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్ట పోసుకున్నారు. ఆ ఆచార్యుల ప్రయోగశాలలలోనే ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరసును కొలిచే పద్ధతిని 1925లో వెలువరించారు. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఏటీపీనీ గుర్తించిన కృషిలోనూ ఆయన పాత్ర ఉన్నది. తరువాత న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ మందునిచ్చింది. ఆ బృందం అందించిన అమినాప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో పసిపిల్లల రక్తకాన్సరుకు చికిత్స ప్రారంభించారు. 1948లో, యాభై మూడేళ్ళకే ఆయన కన్నుమూశారు. నేను నా వృత్తికాలమంతా గర్భిణులకు వ్రాసిన ఫోలిక్ ఆమ్లపు మాత్రలోనూ, బోదకాలు రోగులకు ఇచ్చిన మాత్రలోనూ ఆ మనిషి ఉన్నారు. ఆయన నడిచిన వీధిలో ఒకసారి నిలబడాలని నా కోరిక.

నా శ్రీమతి కోరిక వేరు. ఆమెకు పిట్స్‌బర్గ్‌లోని వేంకటేశ్వరస్వామి ఆలయం చూడాలని ఉన్నది. 1976లో ప్రతిష్ఠ జరిగిన ఆ ఆలయం అమెరికాలోని తొలినాటి హిందూ దేవాలయాలలో ఒకటి. ఆమె అక్క వెళ్ళివచ్చి వర్ణించినప్పటి నుండి ఆమె మనసు అక్కడే ఉండిపోయింది. రెండు కోరికలు, ఒక్క వారం. మా ఇంట్లో పదిరోజులు ఆ విషయం ఎవరమూ ఎత్తలేదు.

ఆ పదిరోజులలో ఒక సాయంత్రం మేమిద్దరం అలవాటు ప్రకారం కట్టలేరు వైపు నడకకు వెళ్ళి వస్తున్నాము. తిరుగుదారిలో కొంచెం ఎత్తు ఎక్కాలి. నేను ఒక మామిడితోట కంచె వద్ద ఆగాను. ఆమె కాసేపు చూసి, “ఏమండీ, నెలరోజుల నుండి చూస్తున్నాను. రోజూ ఇక్కడే ఆగి తోట చూస్తారు. కాయలు లేని కాలంలో ఆ తోటలో మీకు కనిపించేది ఏమిటి?” అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నేను తోటను చూడటం లేదు. రొమ్ము నడుమ ఏదో బరువు పెట్టినట్లు ఉండేది. రెండు నిమిషాలు నిలబడితే పోయేది. దానికి నేను గ్యాస్ అని పేరు పెట్టుకున్నాను. ఇదే మాట ఒక రోగి చెప్పి ఉంటే ఆ రోజే ఈసీజీ తీయించి విజయవాడ పంపేవాడిని. నడిస్తే వచ్చి, ఆగితే పోయే ఛాతీ బరువు గుండెనొప్పి లక్షణమని ఎన్ని వందలమందికి చెప్పానో! నాకు మాత్రం చెప్పుకోలేదు. టికెట్లు రద్దవుతాయేమోనన్న భయం ఒకటి, ఇన్నేళ్ళు ఇతరులను పరీక్షించినవాడిని నేను రోగిని కావడమేమిటన్న అహంకారం ఒకటి.

ఆ వారంలోనే ట్రెడ్‌మిల్ పరీక్ష, ఆ తరువాత యాంజియోగ్రామ్ జరిగాయి. గుండె ముందు భాగానికి రక్తాన్ని తీసుకుపోయే ధమని తొంభై శాతం మూసుకొని ఉన్నది. స్టెంటు వేశారు. సమస్యలు లేని స్టెంటు తరువాత కొద్ది రోజులకే విమానం ఎక్కేవారున్నారు. అయినా రక్తం పలచబరచే రెండు మందులు నడుస్తున్న తొలి నెలలలో అంత దూరం వద్దని మా హృద్రోగ నిపుణులు ఆరునెలలు ఆగమన్నారు. టికెట్లు రద్దయ్యాయి. మనవరాలు ఫోనులో ఏడ్చింది.

ఒక్కమాట ఆలోచించండి. ఆ డిసెంబరులో మేము బోస్టన్ వెళ్ళి ఉంటే ఏమయ్యేది? శీతకాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పోవడం మామూలే. చలిగాలి తగలగానే చర్మపు రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండె మీద భారం హెచ్చుతుంది. మూసుకుపోయిన ధమనితో మంచులో నడిచేవాడిని. పైగా, ప్రయాణికులు కొనే ఆరోగ్య బీమాలలో అధికభాగం అప్పటికే ఉన్న జబ్బులకు వర్తించవు, లేదా పరిమితంగా వర్తిస్తాయి. అక్కడి వృద్ధులకు ప్రభుత్వమిచ్చే మెడికేర్ మనవంటి సందర్శకులకు లేదు. ఒక్క గుండెపోటు మా అబ్బాయి కూడబెట్టిన దానినంతా తుడిచిపెట్టి ఉండేది. నేను బ్రతికి ఉంటే, ఆ సంగతి తలచుకుంటూ బ్రతికేవాడిని.

కోలుకునే నెలలలో అబ్బాయి పంపిన పట్టికను మళ్ళీ తీసి, ఈసారి రోగి కేసుపత్రం చదివినట్లు చదివాను. మీకూ ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

డెన్వర్ సముద్రమట్టానికి 1,609 మీటర్ల ఎత్తున ఉన్నది. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సుమారు 2,100 మీటర్లు. ఊపిరితిత్తుల జబ్బు, గుండె బలహీనత ఉన్నవారికి అక్కడ ఆయాసం రావచ్చు. లాస్ వేగాస్‌లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గాలి పొడిగా ఉండటంవల్ల చెమట పట్టినట్లే తెలియదు. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు అక్కడ త్వరగా నీరసించిపోతారు. న్యూయార్క్‌లో స్వేచ్ఛాప్రతిమ కిరీటం చేరాలంటే పీఠం పైనుండి 162 ఇరుకు మెట్లు ఎక్కాలి, ఆ భాగానికి లిఫ్టు లేదు. అక్కడి భూగర్భ రైలు స్టేషన్లు చాలావాటికి కూడా లిఫ్టు లేదు. వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలకు ప్రవేశరుసుము లేదు. కాని పార్లమెంటు భవనం నుండి లింకన్ స్మారకం వరకు మూడు కిలోమీటర్లకు పైనే నడక. మోకాళ్ళు అరిగినవారు చక్రాల కుర్చీ అడగడానికి సిగ్గుపడకూడదు. ఈ ఊళ్ళలో ఏదీ చెడ్డది కాదు. మీ దేహానికి ఏది సరిపడుతుందన్నదే విచారణ.

మరుసటి సంవత్సరం సెప్టెంబరు చివర బయలుదేరాలని నిశ్చయించుకున్నాము. ఎండా చలీ అతిగా లేని కాలం. ఈసారి పిట్స్‌బర్గ్ పోదామని నేనే అన్నాను. నా ప్రాణం కాపాడిన మనిషికి ఆ మాత్రం చెల్లించాలనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. “స్వామి ద్వారకా తిరుమలలోనూ ఉన్నాడు, తలచుకుంటే వెళ్ళి చూస్తాను. మన నెమలిలో వేణుగోపాలుడు ఉండనే ఉన్నాడు. మీ సుబ్బారావు గారు తిరిగిన ఆసుపత్రి మాత్రం అక్కడే కదా ఉన్నది” అన్నది.

డాలస్‌లో మూడువారాలు విశ్రాంతిగా గడిపి, బోస్టన్‌లో ఐదు రోజులు ఉన్నాము. రోజుకు ఒక్క చోటు, మధ్యాహ్నం తప్పక నిద్ర. 1846 అక్టోబరు 16న మోర్టన్ ఈథర్ ఇచ్చి రోగికి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స జరిపించిన గదిని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఈనాటికీ కాపాడుకుంటున్నారు. ఒక ఉదయం ఫ్రేమింగ్‌హామ్ పట్టణం మీదుగా వెళ్ళాము. 1948లో ఆ ఊరి 5,209 మందితో మొదలైన అధ్యయనమే, రక్తపోటు, కొలెస్టరాల్, పొగాకు గుండెకు ఎంత ముప్పో లోకానికి చాటింది. ఆ కొలతలతో నేను ఊరందరినీ కొలిచి, నన్ను మాత్రం కొలుచుకోలేదు.

చివరి రోజున బ్రిగ్‌హమ్ ఆసుపత్రి ఎదుట నిలబడ్డాను. 1954లో ఒక కవల సోదరుని మూత్రపిండాన్ని రెండవ సోదరునికి అమర్చి, మూత్రపిండ మార్పిడి మొదటిసారి విజయవంతంగా చేసిన చోటు కూడా అదే. మాకు సమీపంలోని ఏ.కొండూరు తండాలలో మూత్రపిండాల జబ్బుతో నలిగిన కుటుంబాలు గుర్తుకు వచ్చాయి. నా శ్రీమతి నన్ను బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళ సీసా అందిస్తూ, “ఇంత దూరం వచ్చి చూసినది ఆసుపత్రేనన్నమాట” అని నవ్వింది. మనవరాలు, “తాతయ్యా, ఆయన ఏ గదిలో పనిచేశారు?” అని అడిగింది. తెలియదని చెప్పాను. సుబ్బారావు గారి కథంతా దానికి అక్కడే కూర్చుని చెప్పాను. గంట పట్టింది.

ఇక మీకు నా సూచనలు. టికెట్టు కొనక ముందే వైద్యుని కలవండి, కొన్న తరువాత కాదు. రక్తపోటు, చక్కెర, క్రియాటినిన్, ఈసీజీ చూపించుకోండి. ఆగకుండా రెండు అంతస్తులు మెట్లు ఎక్కి చూడండి. ఆయాసమో, ఛాతీ బరువో అనిపిస్తే ఏ ఊరన్న మాట తరువాత. విమానంలో గంటకొకసారి లేచి నడవండి, కూర్చున్నప్పుడు మడమలు ఆడించండి, నీరు త్రాగండి. మందులన్నీ, ముఖ్యంగా ఇన్సులిన్, చేతిసంచిలోనే ఉంచండి. సామాను అరలో ఇన్సులిన్ గడ్డకట్టి పాడుకావచ్చు. పడమటికి పోయినప్పుడు రోజు పొడవవుతుంది కనుక ఇన్సులిన్ వేళలను ముందే వైద్యునితో వ్రాయించుకోండి. మందుల అసలు పేర్లతో చీటీ దగ్గర ఉంచుకోండి. మన పారాసెటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. ఆపదలో పిలవవలసిన సంఖ్య 911. బీమా పత్రంలో పాత జబ్బుల గురించి ఏమున్నదో పిల్లలచేత చదివించుకొని వినండి. చేరిన తొలి మూడు నాలుగు రోజులు ఎక్కడికీ కదలకండి.

ఇవన్నీ సరిపోయిన తరువాత, ఇతరులు చూశారని కాక మీకు మీరుగా చూడాలనుకున్న ఒక్క ఊరు ఎంచుకోండి. అది బోస్టన్ కానక్కరలేదు. మీ చెల్లెలు ఉన్న ఊరు కావచ్చు, నయాగరా కావచ్చు. ఎంచుకునేటప్పుడు మీతో రోజూ నడిచే మనిషిని ఒకమాట అడగండి. మీరు ఎక్కడ ఆగుతున్నారో వారికి తెలుసు.

వచ్చే నెల మేమిద్దరం ద్వారకా తిరుమల వెళుతున్నాము. మెట్ల గురించి ఆమె ఇప్పటికే విచారించి ఉంచింది.