మౌనాన్ని కత్తిరించే ముందు

జంషెడ్‌పూర్‌లో తెలుగు వినడానికి పెద్దగా వెతకనక్కర్లేదు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం దగ్గర కాసేపు నిలబడితే శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. ఇక్కడి టాటా కర్మాగారంలో తొలి ఉక్కు తయారైంది 1912లో. ఆ కొలిమిని నమ్ముకుని ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాల్లో మాదీ ఒకటి. నాన్న ప్లాంటులో ఫిట్టర్. నేను మాత్రం వీడియో ఎడిటింగ్ పట్టుకున్నాను. పెళ్లి వీడియోలు అన్నం పెడతాయి. తీరిక దొరికితే మా పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేస్తుంటాను.

ఈ పనిలోకి ఇప్పుడు కొత్త సహాయకుడొచ్చాడు. అదే కృత్రిమ మేధతో నడిచే ఏజెంట్. ఏం కావాలో మాటల్లో చెబితే చాలు, సాఫ్ట్‌వేర్‌లోని టూల్స్‌లో తగినదాన్ని ఎంచుకుని పని కానిచ్చేస్తుంది. ఏజెంట్లను టూల్స్‌తో కలిపేందుకు ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబర్‌లో ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ అనే ఉమ్మడి పద్ధతిని విడుదల చేసింది. అందులో ప్రతి టూల్‌కూ ఒక పేరు, నాలుగు మాటల వివరణ, ఇవ్వాల్సిన విలువల పట్టిక ఉంటాయి. టూల్ లోపల ఏం జరుగుతుందో ఏజెంట్ చూడదు. అది నమ్ముకునేది ఆ నాలుగు మాటలనే.

ఆ మాటలు ఎంత ముఖ్యమో ఒక మామ్మ వీడియోతో తెలిసింది. కొత్తగా ఈ ఊరొచ్చిన రోజుల గురించి చెబుతూ, భర్త ప్రస్తావన రాగానే ఆవిడ ఆగిపోయారు. 12 సెకన్లు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 300 ఫ్రేములు. నేను కొన్న ఒక ప్లగిన్‌లో ఓ టూల్‌కు ‘అక్కర్లేని ఖాళీలను తొలగిస్తుంది’ అని వివరణ ఉంది. ఇంటర్వ్యూను శుభ్రం చేయమంటే ఏజెంట్ సరిగ్గా ఆ 12 సెకన్లనే ఎత్తేసింది. రికార్డింగ్ రోజున పక్కనే కూర్చున్న మనవరాలు అది చూసి, “అన్నయ్యా, మామ్మ ఇక్కడ ఆగింది కదా?” అంది. మూల ఫైలు భద్రంగా ఉంది కాబట్టి సరిపోయింది. ఆ అమ్మాయి చూడకపోతే, ఆ వీడియోలో ఆగకుండా గడగడా మాట్లాడిన మామ్మే మిగిలేది.

‘అక్కర్లేని’ అన్నది ఎవరికి? ఏజెంట్ అది అడగదు. అందుకే ఉచితంగా దొరికే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో సొంత టూల్స్ కట్టుకుని, వివరణలూ నేనే రాసుకుంటున్నాను. అందులో సైలెన్స్‌డిటెక్ట్, సైలెన్స్‌రిమూవ్ అని రెండున్నాయి. పేర్లు కవలల్లా ఉన్నా పనులు వేరు. మొదటిది మౌనం ఎక్కడుందో చెప్పి ఊరుకుంటుంది. రెండోది మౌనాన్ని తీసేస్తుంది, అదీ ఆడియోలోనే. బొమ్మ కదలదు కనుక పెదవులూ మాటా విడిపోతాయి. ఈ తేడాను మొదటి వాక్యంలోనే చెప్పకపోతే ఏజెంట్ ఏది పట్టుకుంటుందో చెప్పలేం. ‘10, 20’ అన్న విలువలూ అంతే. పదో సెకను నుంచి ఇరవయ్యో సెకను వరకా, లేక 20 సెకన్ల పాటా? ‘కట్’ అన్న మాటకు దర్శకుడి దగ్గర ఒక అర్థం, ఎడిటర్ దగ్గర మరొకటి.

నా టూల్‌కు ఇలా రాశాను: ‘2 సెకన్లు, అంతకు మించి శబ్దం లేని చోట్లను గుర్తించి, వాటి మొదలు, ముగింపు సమయాలు ఇస్తుంది. దేన్నీ తొలగించదు. మౌనానికి కారణం దీనికి తెలియదు. తీయాలా, ఉంచాలా అన్నది ఎడిటర్‌ను అడగాలి.’

ఇది చదివి నాన్న ఒక్కటే ప్రశ్న వేశారు: “ట్యాగ్ సరే, తాళం ఏదిరా?” ప్లాంటులో మరమ్మతుకు ముందు స్విచ్‌కు హెచ్చరిక ట్యాగ్ కడతారు, తాళమూ వేస్తారు. రాతను ఎవరైనా చదవకపోవచ్చు, తాళాన్ని మాత్రం దాటలేరు. 2025 మార్చిలో వచ్చిన ప్రోటోకాల్ రూపంలో, ఒక టూల్ దేన్నయినా చెరిపేసే రకమా అని సూచించే గుర్తు చేర్చారు. అది కూడా సూచనే, తాళం కాదు. అందుకే నా అనుమతి లేకుండా తొలగింపు జరగకుండా ప్రోగ్రామ్‌లోనే అడ్డుకట్ట వేశాను.

మామ్మ ఇప్పుడు లేరు. ఆవిడ తరం గొంతులున్న ఫైళ్లు ఈ ఊళ్లో చాలా ఇళ్లలో ఉన్నాయి. ఇకపై వాటిలో కొన్నయినా ఏజెంట్ల చేతికి వెళ్తాయి. వివరణ రాయడం ప్రోగ్రామర్ల పనేనని వదిలేయకండి. ఆ గొంతులను ఎరిగినవాళ్లు ఒకరు పక్కన కూర్చోవాలి.