కోళ్ళగూటికి మర తలుపు

మా అక్క అమెరికాలో కోళ్ళు పెంచుతున్నదంటే మా వూళ్ళో మొదట ఎవరూ నమ్మలేదు. అంత చదువు చదివి, అన్ని సముద్రాలు దాటి, చివరికి కోళ్ళా అని మా పెదనాన్నగారు ముక్కున వేలేసుకున్నారు. కాని సియాటిల్‌లో పెరట్లో నాలుగు పెట్టలు తిరగడం ఇప్పుడు నామోషీ కాదు సరికదా, కాస్త గొప్ప కూడాను. కోళ్ళకు జబ్బు వచ్చి కోట్లకొద్దీ పెట్టలు పోయిన మీదట, 2025 మార్చిలో ఆ దేశంలో డజను గుడ్లు సగటున ఆరు డాలర్లు దాటాయి. ఆ రోజుల్లో ఇరుగుపొరుగులకు గుడ్లు పంచిపెట్టిన మా అక్క హోదా చూసి తీరవలసిందే!

ఆ నగరంలో ఒక నిబంధన వున్నది. ఎనిమిది కోళ్ళదాకా పెంచుకోవచ్చును గాని, 2010 నుంచీ కొత్తగా పుంజును తేకూడదు. అది కూస్తే పొరుగువారికి నిద్ర చెడుతుందిట. తన కోడీ కుంపటీ లేకపోతే వూరికి తెల్లవారదనుకున్నదే మన సామెతలో ముసలమ్మ, ఆవిడను అక్కడికి తీసుకుపోతే ఏమైపోయేదో పాపం.

మా అమ్మను తీసుకుపోయారు. నాన్న పోయిన మరుసటి యేడు, 2023లో, అక్కా బావగారూ వచ్చి, ఒక్కతెవూ ఈ పల్లెలో ఎందుకని వెంటబెట్టుకు వెళ్ళారు. తెనాలి పక్క పల్లెలో డెబ్భై రెండేళ్ళు కాపరం వెలిగించిన మనిషి. అక్కడ గిన్నెలు మిషను తోముతుంది, బట్టలు మిషను ఉతికి ఆరబెడుతుంది, మనుమలు అన్నం పెట్టమని అడగరు. ఆ ఇంట్లో అమ్మకు తన చేతికి తెలిసిన పని కనిపించింది ఒక్కటే. పొద్దున గూడు తలుపు తీయడం, సందెవేళ ఆరు పెట్టలనూ లెక్కపెట్టి మూయడం.

చిక్కంతా ఆ సందెవేళతోనే వచ్చింది. మన తెనాలిలో యేడాది మొత్తంమీద పెద్ద పగటికీ చిన్న పగటికీ తేడా రెండు గంటలు. సియాటిల్‌లో చలికాలపు పగలు ఎనిమిదిన్నర గంటలైతే, జూన్ నెల పగలు పదహారు గంటలు! డిసెంబరులో నాలుగుంబావు దాటగానే పొద్దు గూకుతుంది. జూన్‌లో తొమ్మిది దాటితేగాని గూకదు. ఆ మీదట మసకచీకటి పడాలి, కోళ్ళు గూటికి చేరాలి. ఎనిమిదింటికే పడుకునే అలవాటున్న మా అమ్మ, శాలువా కప్పుకుని కునికిపాట్లు పడుతూ తొమ్మిదీ ముప్పావుదాకా వాటికోసం కాచుకుని కూర్చునేది.

పోనీ తలుపు తెరిచి వుంచుదామా అంటే రాకూన్ అని ఒక దొంగ జంతువున్నది. కళ్ళచుట్టూ నల్లటి పట్టీ, అచ్చం బందిపోటు ముసుగే. ముందుకాళ్ళను చేతుల్లాగా వాడి, మామూలు గడియను ఇట్టే తీస్తుంది. కోళ్ళకా, చీకటి పడితే కళ్ళు సరిగా ఆనవు. పట్టుకుపోతున్నా పారిపోలేవు. మన పల్లెల్లో మునిమాపు వేళకే గంపకింద కమ్మేది అందుకే కదా. ఇక్కడ గండుపిల్లి, అక్కడ రాకూన్.

2024 అక్టోబరులో ఒక వానరాత్రి అమ్మ పెరటి మెట్లమీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నది. కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చిన వారంలోనే బావగారు మర తలుపు తెప్పించారు.

నేను 2025 మే నెలలో సెలవులకు వెళ్ళినప్పుడు ఆ వింత చూశాను. వింతేమీ లేదు లెండి. పలకంత అల్యూమినియం రేకు, అది పైకీ కిందికీ జరగడానికి రెండు గాళ్ళు, చిన్న మోటారు, నాలుగు బ్యాటరీలు. పెట్టెమీద వెలుతురును కనిపెట్టే కన్ను ఒకటి వున్నది. వెలుగు ఇంతకు తగ్గితే మూసుకో, ఇంతకు పెరిగితే తెరుచుకో అని దానికి నేర్పుతారు. గడియారం పెట్టి నడపవచ్చు గాని, ఆ దేశంలో మార్చిలో గంట ముందుకూ నవంబరులో గంట వెనక్కూ గడియారాలు తిప్పుతారు. కోళ్ళకు ఆ సంగతి చెప్పేదెవరు? అందుకని వెలుతురే మేలు. రేకు దిగేటప్పుడు కోడి అడ్డమొస్తే ఆగి, మళ్ళీ పైకి పోతుంది. దిగాక గట్టిగా బిగుసుకుంటుంది. రాకూన్ గోళ్ళు పెట్టి ఎత్తినా రాదు. చీకటిపడుతూంటే పెట్టలు ఒక్కొక్కటే తమంతట తాము లోపలికి పోవడం, ఆ వెనకాల సన్నగా రొద చేస్తూ రేకు దిగడం చూస్తే నాకు ముచ్చటేసింది.

అమ్మకు వెయ్యలేదు. అల్లుడితో సూటిగా అనలేక, అక్కతో అనేది: "చెప్పవే మీ ఆయనకు. విరిగింది చెయ్యి, నేను కాదు. చెయ్యి అతుక్కున్నది కదా, ఇంకా దాన్నెందుకు వుంచడం?"

"హాయిగా పడుకోవచ్చు కదా అత్తయ్యగారూ," అనేవారు బావగారు. మంచి మనిషి, ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికీ ఏమీ లేదు. కాని హాయిగా పడుకోవడానికి అంతదూరం రావాలా అని అమ్మ మొహం అడుగుతూనే వుండేది.

నేనున్న మూడోవారంలో కాబోలు, రాత్రి పదింటికి అమ్మ నన్ను తట్టి లేపింది. "పొడల పెట్ట గూట్లో లేదే." కిటికీలోంచి లెక్కపెట్టిందట, లోపలికి పోయినవి అయిదేనట. టార్చిలైటు పట్టుకుని వెళ్ళాము. నిజమే. కంచెపక్క పొదలో ఆలస్యం చేసి వచ్చి, మూసిన రేకుకు ఒళ్ళు ఆనించుకుని ముడుచుకుని కూర్చున్నది పిచ్చిది. ఏమిటో అది నొక్కితే తెరుచుకునే మీట వున్నదన్నారు కదా అంటూ అమ్మే తడిమి మీట నొక్కింది, పెట్టను లోపలికి తోసింది.

"మూయడం వచ్చు దీనికి, ఎంచడం రాదు," అన్నది, ఏదో గెలిచినట్టు.

మర్నాడు బావగారు ఇంకా కాస్త చీకటి పడ్డాక మూసుకునేట్టు మర సవరించారు. పెట్టలన్నీ వేళకు చేరుకున్నాయి. అమ్మ వారం రోజులు కిటికీదగ్గర కాపలా కాసింది. ఒక్కటీ తప్పిపోలేదు. ఎనిమిదోనాడు నాతో అన్నది: "వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకుపో."

అక్క ఏడ్చింది. ఆ రేకు ముక్క పీకి పారేస్తానన్నది. నేను వద్దన్నాను. ఇప్పటికీ అదే అంటాను. తడిమెట్లమీద మళ్ళీ జారితే ఈసారి తుంటి ఎముక. ఆ తలుపు వుండవలసిందే. తెచ్చేముందు అమ్మను ఒక్కమాట అడిగివుంటే ఆవిడే సరేననేదేమో అని మాత్రం అనిపిస్తుంది. అదీ చెప్పలేను. అమ్మ ఎవరు అడిగినా తేలిగ్గా సరేనన్న మనిషి కాదు.

ఇప్పుడు అమ్మ గుంటూరులో మా ఇంట్లో వుంటున్నది. అద్దెవాటా, మేడమీద. కోళ్ళు పెంచే వీలు లేదు. ఇది డిసెంబరు. తెల్లవారుజామున ఆరింటికి పది నిమిషాలుండగా అమ్మ నాచేత ఫోను చేయిస్తుంది. అక్కడ అప్పుడు ముందురోజు సాయంకాలం నాలుగుంబావు దాటి అయిదు నిమిషాలు. అక్క ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళి గూటికి ఎదురుగా పెడుతుంది. మా వీధి చివర పుంజు కూస్తే ఆ కూత అందులోంచి వినబడి, గూటిముందు పెట్టలు తలలెత్తి చూస్తాయి. అమ్మ వాటిని అదిలిస్తుంది. అవి ఒక్కొక్కటే లోపలికి పోతూంటే వేళ్ళు మడుస్తుంది.

"అయిదు. ఆ పొడలదాన్ని కాస్త తోలవే," అంటుంది.