‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే...



తార్నాకలో మా అక్క వాళ్లింట్లో ఒకే ల్యాప్‌టాప్. అందులో ఉబుంటు లినక్స్. తొమ్మిదో తరగతి పాపకు, ఆరో తరగతి బాబుకు వేర్వేరు లాగిన్లు. పాప సైన్స్ ప్రాజెక్టు కోసం తీసిన పెసర మొలకల ఫొటోలు బాబు చూడబోతే ‘పర్మిషన్ డినైడ్’ అని వచ్చింది. ఎవరో చెప్పారని మా బావ పాప హోమ్ ఫోల్డర్ మొత్తానికి 777 పెట్టేశారు. ఫొటోలు తెరుచుకున్నాయి. వారం తిరక్కుండానే, గేమ్‌కి జాగా చాలక బాబు ఆ ప్రాజెక్టు ఫోల్డర్‌నే డిలీట్ చేశాడు. “ఇక వాడికి ఏదీ చూపించను” అని పాప మొండికేసింది.

లినక్స్‌లో ప్రతి ఫైలుకూ మూడు వర్గాలుంటాయి: ఓనర్, గ్రూప్, మిగతా అందరూ. ఒక్కో వర్గానికి మూడు అనుమతులు: చదవడానికి 4, మార్చడానికి 2, ‘ఎక్స్’కి 1. మూడూ కలిస్తే 7. అంటే 777 పెడితే ఆ కంప్యూటర్లో అందరికీ అన్నీ ఇచ్చేసినట్టే.

బీఈడీ రోజుల్లో నేను ఉస్మానియా క్యాంపస్ లైబ్రరీలో చదువుకునేదాన్ని. అక్కడ పుస్తకం చదవొచ్చు, అందులో గీతలు గీయకూడదు. పిల్లలకు అదే చెప్పాను. చదివే అనుమతి వేరు, మార్చే అనుమతి వేరు. అయితే చదవాలన్నా ముందు గేటు దాటాలి కదా! ఫోల్డర్‌కి ‘ఎక్స్’ అంటే ఆ గేటే. కొత్త ఉబుంటులో హోమ్ ఫోల్డర్ 750తో వస్తుంది. చివరి సున్నా వల్ల మిగతావాళ్లు లోపలికే రాలేరు. బాబుకు అడ్డం వచ్చింది ఫొటోల అనుమతి కాదు, ఆ గేటు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఫైలును డిలీట్ చేయగలగడం ఆ ఫైలు అనుమతిని బట్టి కాదు, అది ఉన్న ఫోల్డర్‌ని మార్చే అనుమతిని బట్టి ఉంటుంది.

అందుకని పాప హోమ్ ఫోల్డర్‌ను మళ్లీ 750 చేశాం. పంచుకునేవాటికి అమ్మ పేరుతో వేరే ఫోల్డర్ పెట్టి, పిల్లలిద్దరినీ ఒక గ్రూపులో చేర్చి, ఆ ఫోల్డర్‌ను ఆ గ్రూపుకిచ్చి, 1770 పెట్టాం. ముందున్న 1 పేరు స్టికీ బిట్. ఇద్దరూ అందులో ఫైళ్లు పెట్టొచ్చు, కానీ ఒకరివి మరొకరు డిలీట్ చేయలేరు. గ్రూపులో చేర్చాక మాత్రం ఒకసారి లాగౌట్ అయి రావాలి.

లినక్స్ 1991లో వచ్చింది. ఈ అనుమతుల పద్ధతి అంతకన్నా పాతది, 1970ల నాటి యూనిక్స్‌ది. అప్పట్లో ఒకే కంప్యూటర్‌ను చాలామంది పంచుకునేవారు. మన ఇళ్లలో ఇప్పటికీ అదే కదా!

పోయిన ఫొటోలు తిరిగి రాలేదు. పాప మళ్లీ పెసలు నానబెట్టింది. కొత్త ఫొటోలను తనే ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టింది, ఎవరూ అడగకుండానే.

మీ ఇంట్లోనూ ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే, 777 జోలికి పోకుండా పిల్లలతో కలిసి మూడు విషయాలు చూడండి: ఎవరికి అడ్డం వస్తోంది? ఏం చేయబోతే? ఏ ఫోల్డర్ దగ్గర? అక్కడ ఎంత అవసరమో అంతే ఇవ్వండి.