గోలెములోని తాబేలు

ఖిలా వరంగల్లులో ఒక తాతయు మనుమడును నివసించుచుండిరి. ఒక వర్షకాలమున బాలుని మేనమామ, కాకతీయ గణపతిదేవుని కాలమునాటి పాకాల చెరువు కాలువలో వలకు చిక్కిన పెద్ద తాబేలునొకదానిని గోనెసంచిలో తెచ్చి, పెరటిలోని నీళ్ళ గోలెములో విడిచెను. దాని డిప్ప గట్టి పెంకులు లేక తోలువలె నునుపుగా నుండెను. ముక్కు చిన్న గొట్టమువలె సాగియుండెను. పొడవు మూరెడునకు మించియుండెను.

బాలుని సంతోషమునకు మేర లేకపోయెను. దానికొక పేరు పెట్టవలెననియు, తోడి విద్యార్థులకు చూపవలెననియు తలంచెను. మరునాడుదయమున వేపపుల్లతో దాని వీపును మెల్లగా తాకెను. అంతవరకు కనబడని మెడ ఒక్కసారిగా వెనుకకు సాగి పుల్లను పట్టెను. పుల్ల రెండు ముక్కలయ్యెను. తాబేలునకు పండ్లు లేవు. కాని దాని దవడల అంచులు కత్తివలె పదునైనవి.

తాత అంతయు చూచెను.

“తాతా! ఇకమీదట దూరముగనే యుందును. దీనిని పంపవద్దు” అని బాలుడు వేడుకొనెను.

“బిడ్డా! నీ వ్రేలికి కలుగు అపాయము చిన్నమాట. చెరువులో ఇది మనుష్యుని అలికిడి వినిన బురదలో దాగును. ఇక్కడ దాగుటకు బురద లేదు, పారిపోవుటకు చోటు లేదు. కావున కరచుచున్నది. దీనిని క్రూరముగా చేసినది మన గోలెమే” అని తాత పలికెను.

అమెరికాలో మొసలివంటి వీపుగల ఒక తాబేలు జాతి కలదు. అది ఎనుబది కిలోల వరకు పెరుగగలదు. పిల్లగా నున్నప్పుడు ముచ్చటపడి కొని, పెరిగిన పిమ్మట వెరచి పరాయి చెరువులలో విడుచువారున్నారు. తాత ఆ సంగతియు చెప్పెను.

“అట్లయిన భద్రకాళి చెరువులో విడుతమా?” అని బాలుడడిగెను.

“ఏ నీటి ప్రాణి ఆ నీటికే చేరవలెను. ఆ పని తెలిసినవారు చేయవలెను” అని తాత అటవీశాఖవారికి కబురంపెను. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ఇట్టి తాబేళ్ళను పట్టుటయు, ఇంట నుంచుకొనుటయు నేరములు. ఆ మాట విని మేనమామ ముఖము చిన్నబోయెను. “తెలియక తెచ్చితిని” అని ఆతడు వచ్చిన ఉద్యోగితో నిజము చెప్పెను.

ఉద్యోగి దానిని పరీక్షించి, లీత్ తాబేలని గుర్తించెను. కృష్ణా గోదావరీ ప్రాంతములందు నివసించు ఈ జాతిని ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంఘమువారు 2021లో అంతరించుటకు మిక్కిలి చేరువైన ప్రాణులలో చేర్చిరి. మెత్తని డిప్ప గల తాబేళ్ళు నత్తలతోపాటు చచ్చిన చేపలను సైతము తిని జలాశయములను శుభ్రముగా నుంచును.

ఆ సాయంకాలము పాకాల గట్టున సంచి మూతి విప్పిరి. తాబేలు ఒక క్షణము కదలక నిలిచి, పిదప నీటిలోనికి జారెను. అది ఒక్కమారైన వెనుదిరిగి చూడలేదు. బాలుని కన్నులు చెమ్మగిల్లెను. ఇంటికి వచ్చి ఖాళీ గోలెమును చాలసేపు చూచెను. మరునాడు తానే దానిని కడిగి, పక్షులు త్రాగుటకు నీరు నింపెను.

ప్రేమించిన ప్రాణిని దగ్గర నుంచుకొనుట సుకరము. దాని మేలుకొరకు విడుచుట కష్టము. ఆ కష్టమునకు ఓర్చినదే నిజమైన ప్రేమ.